మొక్కు కోడి

కదిరయ్య గంప ఎత్తి చూసేసరికి కోడి చచ్చి ఉంది. సాయంత్రం నాలుగింటికి పెళ్లాం కాటమ్మ పని నుంచి వస్తుంది. ఆలోగా అది బతకాలి.

సోలార్ ప్లాంటు గేటు దగ్గర రాత్రి డ్యూటీ దిగి అప్పుడే ఇల్లు చేరాడు. ఆ గేటు లోపల ఉన్నది ఒకప్పటి అతని శనక్కాయల చేనే. తన చేనుకు తనే వాచ్‌మన్. ఇప్పుడు పగటి నిద్ర కూడా పోయింది. కోడిని గోనెసంచిలో చుట్టి, పెరటి కంచె వారన పాతిపెట్టి, టీవీఎస్ బండి తీశాడు.

"యాడికప్పా, డ్యూటీ దిగినోడివి పండుకోకుండా?" పక్కింటి దొడ్డన్న అరుగు మీద నుంచి కేకేశాడు.

"సంతకు."

"ఆ కోడిని కూడా పట్కపో, అమ్మేసి రా! గుడ్డు పెట్టేది మానె, కోసుకోని తినేది లేకపాయె. రిటైరైన కోడికి పెన్షన్ ఇస్తాండారు మొగుడూ పెండ్లాలు!"

కదిరయ్య బండి ముందుకు పోనిచ్చాడు. ఊళ్లో కొందరు గుడ్ల కోసం కోళ్లు పెంచుతారు. కొందరు కూర కోసం. పిల్లలున్న ఇళ్లలో ముద్దుకు కూడా పెంచుతారు. తన ఇంట్లో కోడి దేనికో దొడ్డన్నకేం తెలుసు?

ఐదేళ్ల కిందట కూతురు సింధుశ్రీ బెంగళూరులో గార్మెంట్స్ పనికి పోయింది. నాలుగు నెలలకు ఫోన్ ఆగిపోయింది. కాటమ్మ మూడు రోజులు ముద్ద ముట్టలేదు. కదిరయ్య వెతకడానికి బయలుదేరిన రోజు, సింధు సాకిన జుట్టుకోడిని కాటమ్మ ఒళ్లో పెట్టుకుని, పసుపు రాసి, మారెమ్మకు మొక్కుకుంది. "నా బిడ్డ గడప తొక్కితే ఈ కోడి నీది తల్లీ." ఆ పూటే లేచి రాగిముద్ద తింది.

మొక్కిన కోడిని అమ్మకూడదు, కోయకూడదు. మొక్కు తీరకముందే అది చచ్చిందంటే, అడిగినది ఇక ఇవ్వనని అమ్మవారు చెప్పేసినట్టే. ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలిసిన మాట.

కదిరయ్యకు అమ్మవారు చెప్పక్కర్లేదు. బెంగళూరులో వారం తిరిగి, ఒక ఆసుపత్రి శవాల గదిలో బిడ్డను చూశాడు. అక్కడే మట్టిచేశాడు. ఇంటికొచ్చి, "అడ్రస్ దొరకలేదు," అన్నాడు. కాటమ్మ కాసేపు అతని మొఖంలోకి చూసింది. తర్వాత పోయి కోడికి నూకలు వేసింది.

కోడి ఉన్నంతకాలం ఆమె తింటుంది. పనికి పోతుంది. బతుకుతుంది. అతను పట్టుకు వేలాడేది ఆ ఒక్కదాన్నే.

అసలు కోడి రెండో ఏడే తెగులొచ్చి పోయింది. కదిరయ్య మూడు సంతలు తిరిగి అట్లాంటిదే తెచ్చాడు. ఎర్ర ఒళ్లు, నల్ల మెడ, నెత్తిన జుట్టు. రంగొక్కటే చాలదు. వీధిలో కోళ్లన్నీ కలిసి తిరుగుతాయి కాబట్టి, పిల్లగా ఉన్నప్పుడే ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకుంటారు. కాటమ్మ గుర్తు ఎడమ కాలి చివరి వేలు. గోటి కణుపు దగ్గర ఏటవాలుగా కోస్తుంది. అట్లా ఇంకెవరూ కోయరు. కదిరయ్య బ్లేడుతో అలాగే కోయబోయాడు. పెద్ద కోడి, నెత్తురు ఆగలేదు.

సాయంత్రం కాటమ్మ దాన్ని ఎత్తుకుని చూసింది. "ముల్లు తగిలినట్టుండాది," అంటూ తనే పసుపు అద్దింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

కొన్నాళ్లకు దాన్నీ కుక్క పట్టింది. ఆ తర్వాత తెచ్చి, అట్లాగే వేలు కోసింది ఈ రోజు చచ్చినదాన్ని. వచ్చిన కొత్తలో అది గుడ్లకొస్తే, "మారెమ్మ సత్తెం సూడు! ముసల్ది మళ్లా గుడ్లు పెడతాండాది," అంది కాటమ్మ. ఆ గుడ్లు తను తినదు. పొదగేసి, పిల్లల్ని పని దగ్గరి ఆడవాళ్లకు సాకడానికి ఇచ్చేస్తుంది.

హొసకోట సంతలో కోళ్లమ్మే దాసమ్మ అతన్ని చూడగానే లేచింది. పక్కూరు బలసముద్రం మనిషి. సంత లేని రోజుల్లో కాటమ్మతోపాటు ప్యానెళ్లు కడిగే పనికి పోతుంది.

"మళ్లా పోయిందాన్నా?"

తలూపాడు.

"అందరినీ గుడ్లకా, కూరకా అని అడుగుతా. నిన్ను అట్ల అడిగేదానికీ లేదే." నవ్వబోయి ఆగింది. పక్కన విడిగా పెట్టిన గంప ఎత్తింది. ఎర్ర ఒళ్లు, నల్ల మెడ, నెత్తిన జుట్టు.

"పోయినసారీ ఇట్లే ఉన్నింది నీ కాడ. ఎట్ల దొరుకుతాది దాసమ్మా, అచ్చం అట్లాటిదే?"

"దొరికింది కదప్పా. తీస్కపో." బేరం లేదు. కోడి కాళ్లు రెండూ పాతగుడ్డతో చుట్టి కట్టి, తనే సంచిలో పెట్టింది.

"కాటమ్మతో అనొద్దమ్మా. తెలిస్తే అది బతకదు."

దాసమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేనేల అంటాన్నా? నువ్వు ముందు ఇంటికి పోయి ఇంత తిను. ఎట్లయిపోయినావో సూసుకున్నావా?"

ఇల్లు చేరేసరికి నాలుగు కావస్తోంది. కంచె అవతల ప్యానెళ్లు ఎండకు కళ్లు పొడుస్తున్నాయి. పసుపు, గుడ్డపేలిక దగ్గర పెట్టుకున్నాడు. బ్లేడు కడిగాడు. మలుపులో ఆడవాళ్లను దించే టెంపో హారన్ వినిపించింది. కోడిని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, గబగబా కాళ్లకట్టు విప్పి, ఎడమ కాలు చేతిలోకి తీసుకున్నాడు.

చివరి వేలి కొస ఎప్పుడో, అది పిల్లగా ఉన్నప్పుడే, కాటమ్మ ఒక్కతే కోసే ఆ ఏటవాలు కోతతో తెగి, నున్నగా మానిపోయి ఉంది.