ఎర్ర బాణం

నా కోటు కఫ్ మీద ఎప్పుడూ పది పన్నెండు ఎర్ర బాణాలు అంటుకుని ఉంటాయి.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో నేను చెకర్‌ని. కుట్టు తప్పినా, బొత్తాం వంకరైనా, ఆ చోట చిన్న బాణం స్టిక్కర్ అంటించి పక్కన పడేస్తాను. చొక్కాకి ఇరవై సెకన్లు. పదకొండేళ్లుగా ఇదే పని. నా కన్ను దాటిపోయిన తప్పు ఒక్కటుంటే చూపించండి.

ఇంట్లోనూ అంతే. చినిగిన దిండు గలీబు మీద, చిట్లిన బకెట్ మీద బాణాలుంటాయి.

ఆ రోజు సగం పూట సెలవు పెట్టి, చిన్నదాన్ని వెంటబెట్టుకుని మా సందు చివరి ప్రభుత్వ బడికి బయల్దేరాను. మధ్యాహ్నం డ్యూటీ ఉంది కాబట్టి కోటు వేసుకునే వెళ్లాను.

"చూడ్డానికి వెళ్తున్నావా, తప్పులు పట్టడానికా?" అన్నాడు మా ఆయన.

రెండూ ఒకటే కదా అనుకున్నాను.

మా చిన్నదానికి ఆరేళ్లు. నత్తి. పాత బడిలో, అదీ వేలకు వేలు ఫీజు గుంజే బడి, వార్షికోత్సవానికి అందరితోపాటు దాన్నీ స్టేజీ ఎక్కించారు. "నువ్వు పాడొద్దమ్మా, పెదాలు కదుపు చాలు," అన్నారట.

అప్పట్నుంచి గుమ్మం దాటితే అది నోరు విప్పదు. ఇంట్లో విప్పుతుంది గానీ, మొదటి అక్షరం దగ్గర ఇరుక్కోగానే మిగతా మాట నేనే అందిస్తాను. అన్నం కలిపి పెట్టేదాన్ని, మాట అందిస్తే తప్పేముంది?

ఈ బడిలోనూ నోరు విప్పకపోతే ఇక దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలో నాకు తెలియదు.

గేటు కిర్రుమంది. ఒకటి.

కుళాయి కారుతోంది. రెండు.

మూడు ఫ్యాన్లలో తిరిగేది ఒక్కటే, అదీ మొహమాటానికి తిరుగుతున్నట్టుంది. మూడు.

మరుగుదొడ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఆ మాట ఒప్పుకోవాలి.

చిన్నది నా కోటు అంచు వదలకుండా నడుస్తోంది. హెడ్ మేడమ్ మమ్మల్ని ఒకటో తరగతి గుమ్మం దగ్గర నిలబెట్టి, మీరు చూస్తూ ఉండండమ్మా అని ఆఫీసు గదికి వెళ్లింది.

తలుపు చట్రంలోంచి ఒక మేకు పొడుచుకొచ్చి ఉంది. సరిగ్గా పిల్లల కంటి ఎత్తున.

నా చెయ్యి నన్నడగలేదు. కఫ్ మీంచి ఒక బాణం లాగి మేకు పక్కన అంటించేసింది.

అంటించాక నాలుక కరుచుకున్నాను. ఇదేమైనా నా ఫ్యాక్టరీయా?

టీచర్ వచ్చింది. బాణాన్ని చూసింది, నన్ను చూసింది. వచ్చీ రాగానే మా బడికి వంకలా అంటుందనుకున్నాను.

ఆమె తలుపుకి ఆనించిన రాయి తీసి, రెండు దెబ్బలు వేసి మేకుని లోపలికి దిగ్గొట్టింది.

"థాంక్సండీ. రోజూ చూసీ చూసీ అది నాకు కనబడ్డమే మానేసింది," అంది.

పిల్లలు మూగారు. ఆ ఎర్రదేమిటని అడిగారు. టీచర్ నా వైపు కాకుండా మా చిన్నదాని వైపు తిరిగింది.

"మీ అమ్మ బాణం కదా, నువ్వు చెప్పు."

నేను నోరు తెరిచాను. ఆమె చిన్నదాని చేతిలో డస్టర్ పెట్టింది.

"మా క్లాసులో ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలండీ. కింద పెట్టేదాకా మిగతావాళ్లం వింటాం. నేనైనా సరే."

ముందు పళ్లూడిన పిల్ల ఒకతి పెదాల మీద వేలు పెట్టి నన్ను కళ్లతోనే గదమాయించింది. నోరు మూసుకున్నాను.

"త..." అంది చిన్నది.

ఎవరూ నవ్వలేదు. ఒకడు తీరిగ్గా ముక్కులో వేలు తిప్పుకుంటూ విన్నాడు. నా లెక్కన రెండు చొక్కాలు దాటాయి. మూడోదీ దాటింది. మాట నా నాలుక చివరే ఉంది.

"త... తప్పున్న చోట అం... అంటిస్తారు."

చెప్పి, నా కఫ్ మీంచి ఒక బాణం ఒలిచి, తన గొంతు మీద అంటించుకుంది.

నేను నేర్పలేదు తల్లీ, నేనెప్పుడూ అలా అనలేదు అని చెప్పబోయాను.

డస్టర్ నా దగ్గర లేదు.

చిన్నది దాన్ని కింద పెట్టింది. పళ్లూడిన పిల్ల దగ్గరికొచ్చి, ఆ గొంతుని అటూ ఇటూ చూసి, వేలితో తడిమింది.

"ఇక్కడ మేకేం లేదే," అంది.

బాణం పీకి, తెచ్చి నా కఫ్ మీదే అంటించింది.

టీచర్ చిన్నదాన్ని ఆ పిల్ల పక్కన కూర్చోబెట్టి, పాఠంలోకి వెళ్లిపోయింది. అది నా కోటు ఎప్పుడు వదిలిందో నేను చూడలేదు.

గంట తర్వాత హెడ్ మేడమ్, మా బడి ఎలా ఉందమ్మా అని అడిగింది. అప్పటికి నా లెక్కలో ఏడు తప్పులున్నాయి.

"ఆ కుళాయి బాగు చేయించండి," అన్నాను. "సోమవారం నుంచి పంపిస్తాను."

గేటు దాటుతుండగా చిన్నది నా చెయ్యి లాగింది.

"అమ్మా, రే..."

సైకిల్ షాపు దాటాం. మంగలి షాపు దాటాం. అది ఇంకా ఆ అక్షరం మీదే ఉంది. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

అదేం అడగబోతోందో నాకు గేటు దగ్గరే తెలిసిపోయింది.

మా గుమ్మం దాకా తెలియనట్టే నడిచాను.