తొట్టిలో జిడ్డు

టీ వడపోసే పాత జల్లెడతో లక్ష్మణరావు చచ్చిన చేపను పైకి లేపాడు. పొట్ట ఉబ్బిపోయింది. రెక్కలు కుళ్ళి పీలికలయ్యాయి. ఒంటి నిండా చీమిడిలాంటి జిగురు. ఆ కంపుకి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇది ఏడోది," అన్నాడు.

"ఆ జల్లెడ మళ్ళీ వంటింట్లోకి తేకండి," అంది భార్య అర్చన, గుమ్మం అవతలే నిలబడి.

వెనక గదిలోంచి తల్లి పరమేశ్వరమ్మ అందుకుంది. "ఉల్లిపాయ కూడా ఎరగని కొంపలో నీసేటిరా లక్ష్మణా. ఆ కంపుకి దేవుడి దగ్గర కూకోలేకపోతన్నాను."

నాలుగు నెలలుగా ఇదే పాట. తండ్రి పోయిన పదో రోజున చంపావతి నది ఒడ్డున పిండాన్ని కాకి ఎంతకీ ముట్టకపోతే, పంతులు నీళ్ళలో వదలమన్నాడు. చేపలు మూగి చిటికెలో తినేశాయి. పరమేశ్వరమ్మ చేతులు జోడించి చూస్తూ ఉండిపోయింది. ఆ పది రోజుల్లో లక్ష్మణరావుకి మొదటిసారి మనసు తేలికపడింది కూడా అప్పుడే. నెల తిరక్కుండా హాల్లో మూడడుగుల గాజుతొట్టి వెలిసింది. గజపతినగరం బజార్లో స్టీలు సామాన్ల కొట్టు కట్టేసి వచ్చి, ఆ గోల్డ్‌ఫిష్‌ల ముందు కాసేపు కూర్చుంటే తండ్రి లేని ఇంట్లో కాస్త ఊపిరాడేది. ఇప్పుడవి ఒక్కొక్కటే పోతుంటే మళ్ళీ పాడె కట్టినట్టే ఉంది.

చెయ్యని పని లేదు. కుళాయి నీళ్ళు మాని బోరు నీళ్ళు పోశాడు. ఫిల్టరు మార్చాడు. దోమల మందు మాన్పించి ఇంటిల్లిపాదినీ దోమలకి అప్పగించాడు. హాల్లో అగరొత్తులు వెలిగించొద్దని తల్లితో దెబ్బలాడాడు. గులకరాళ్ళు తీసి కడిగితే వాటి సందుల్లోంచి తెల్లగా, మెత్తగా, పులిసిన కంపు కొడుతూ ఏదో చేతికి అంటుకుంది. సబ్బుతో నాలుగుసార్లు తోముకున్నా ఆ వాసన వదల్లేదు. ఆ పూట అన్నం కలపబోయి, కంచం ముందునుంచి లేచిపోయాడు.

చేపలమ్మిన నవీన్‌ని విజయనగరం నుంచి పిలిపించాడు. అతను చిన్న సీసాలో నీళ్ళు పట్టి, రెండు చుక్కల మందు వేసి, మారిన రంగు చూపించాడు.

"నీళ్ళు కుళ్ళిపోనాయి సార్. మేత ఎక్కువేస్తన్నారేటి?"

"పూటకి చిటికెడు. నేనే ఏస్తాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను."

నవీన్ నీటి పైన వేలు రాసి, రుద్ది, వాసన చూసి మొహం చిట్లించాడు. "జిడ్డు సార్. మేతలో ఇంత జిడ్డుండదు. మీకు తెలీకుండా ఎవులో ఏదో ఏస్తన్నారు."

అర్చన వెనక గది వైపు చూసింది.

నిజమే, తండ్రి పోయాక తల్లికి మొండితనం ఎక్కువైంది. పైలోకంలో ఉన్న మొగుడికి ముందు పెట్టందే తిననంటూ, నెయ్యన్నం ముద్ద పట్టుకుని మిట్టమధ్యాహ్నం మేడ మీద కాకుల కోసం గంటలకొద్దీ నిలబడేది. ఈ బజారుకి కాకులు రావడం మానేసి ఎన్నాళ్ళయిందో. నాచు మీద జారి మోకాలు చితకగొట్టుకున్నాక, లక్ష్మణరావు మేడ తలుపుకి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు. "ఇంక ఆ కాకుల పిచ్చి ఆపమ్మా," అన్నాడు. ఆవిడ తర్వాత వేళకి తింటూనే ఉంది. ఆ పంతమంతా ఇప్పుడు చేపల మీదికి మళ్ళిందన్నమాట.

మర్నాడు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చాడు. తల్లి తొట్టి ముందే ఉంది. ఎడంచేత్తో ముక్కుకి కొంగు అదిమిపెట్టుకుని, కుడిచెయ్యి మణికట్టు దాకా నీళ్ళలో పెట్టి ఉంది. అలికిడి విని చెయ్యి లాక్కుని వెనక్కి దాచుకుంది.

"ఏటేసావమ్మా?"

"ఏటీ లేదు."

"సెయ్యి సూపించు."

"ఏటీ లేదన్నాను గదరా."

కొడుకు మొహంలోకి మాత్రం చూడలేదు.  నీసని గడప కడుక్కునే మనిషికి నోరులేని జీవాల్ని చాటుగా చంపడానికి చెయ్యెలా వచ్చింది? కుళ్ళిన చేపను ఎత్తినప్పుడు కూడా లక్ష్మణరావుకి ఇంత రోత పుట్టలేదు. కన్నతల్లి మీద ఇలాంటి రోత పుట్టినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"రేపు సెల్లి అనూరాధ ఇంట్లో దింపేస్తాను. బట్టలు సర్దుకో."

పరమేశ్వరమ్మ సన్నగా అంది. "కొత్తవలసలో దానిది అపార్టుమెంటు గదరా. ఓ పిట్ట కూడా వాల్దు."

"అయితే ఏటి?"

ఆవిడ లోపలికెళ్ళి చీరలు మడత పెట్టుకుంది.

తల్లిని చెల్లెలింట్లో దింపొచ్చి, నీళ్ళన్నీ మార్చాడు. నాలుగు రోజులైనా అవి తేటగానే ఉన్నాయి. జిడ్డు లేదు, కంపు లేదు. మిగిలిన మూడు చేపలూ చురుగ్గా తిరుగుతున్నాయి.

"సూసావా?" అన్నాడు అర్చనతో. గెలిచాడు, కానీ ఆ గెలుపు నోటికి వెగటుగానే ఉంది.

అప్పుడే అనూరాధ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, అమ్మ వచ్చిన కాడ నుంచి మెతుకు ముట్టలేదు. ఇన్ని పాలు తాగి పడుకుంటన్నాది."

"సేసిన పనికి సిగ్గేస్తన్నాదేమో. అడక్కపోయావా?"

"అడిగాను."

"ఏటన్నాది?"



"నాన్నకి ముద్ద పెడదామంటే ఇక్కడ సేపల్లేవంట."