చుక్కల వణుకు

“ఆ చుక్కల వణుకు అలా ఉండనివ్వండమ్మా. ఎవరికేం అడ్డొచ్చిందని?” అన్నాడు చెరువు కాపలా నెహెమ్యా, కొల్లేటి అవతలి గట్టుకు చేరేటంత గొంతుతో.

హరిణికి నవ్వొచ్చింది. జబ్బు నయం చెయ్యొద్దని బతిమాలే మనిషిని ఆమె ఇప్పుడే చూడటం.

షెడ్డు గోడ మీద ఎర్రంకెల గడియారం ఉంది. గంటలకూ నిమిషాలకూ మధ్య రెండు చుక్కలు సెకనుకోసారి వెలగాలి. షెడ్డు వెనక, లోపలికి కనబడని రొయ్యల చెరువులో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరిగినంతసేపూ అవి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. ఆ వణుకుల్లో కొన్ని సెకన్లుగా లెక్కకెక్కి, గడియారం రోజుకు పన్నెండు నిమిషాలు ముందుకు పరుగెడుతోంది. దాన్ని నమ్ముకుని ఈమధ్యే పెట్టిన మేత యంత్రం వేళగాని వేళ మేత చల్లుతోంది.

ఆ బోర్డు హరిణి చేసిందే. ఏలూరులో రెండు గదుల వర్క్‌షాపు పెట్టి, మొదటి బోర్డు ఏడాది క్రితం కైకలూరు దగ్గర ఈ చెరువు మీదే బిగించింది. యజమాని ప్రసాదరావు పొద్దున్నే తేల్చి చెప్పారు.

“సాయంత్రానికి కుదిరితే మిగతా పన్నెండు చెరువులకూ మీ బోర్డులేనమ్మా. కుదరకపోతే ఇది కూడా విప్పి పట్టుకెళ్ళిపోండి.”

అవి చేజారితే వర్క్‌షాపుకు తాళం వేసుకోవడమే. హరిణి బోర్డు మీదికి వంగింది.

“నెహెమ్యాగారూ, ఒకసారి ఏరేటర్లు ఆపుతారా?”

ఉలుకూ పలుకూ లేదు. చెరువు కాపలా మనిషి చెరువుకు వీపు పెట్టి, స్టూలు మీద కూర్చుని గడియారం వైపే చూస్తున్నాడు. అలిగాడనుకుంది. ఎదురుగా వెళ్ళి మళ్ళీ అడిగితే, ఆమె ముఖంలోకి చూసి, వెంటనే లేచి వెళ్ళి ఆపాడు.

చుక్కలు కుదురుకున్నాయి. మళ్ళీ తిప్పితే మళ్ళీ వణికాయి.

“చూశారా? అవి ఆగితే ఇదీ ఆగుతుంది. ఎప్పుడూ తప్పదు,” అన్నాడు నెహెమ్యా, తానే కనిపెట్టినంత సంబరంగా.

“అదేనండీ జబ్బు.”

కరెంటు తీరును గీతగా చూపే స్కోపు తగిలించి చూస్తే తప్పెక్కడుందో తెరమీద కనబడింది. గడియారాన్ని నడిపే చిప్పుకు వచ్చే కరెంటు గీత నున్నగా ఉండాల్సింది పోయి ముళ్ళకంపలా ఉంది. మోటార్ల అలజడి అంతా అందులోకి ఎక్కేస్తోంది. తప్పు తనదే. ఆ అలజడిని మింగాల్సిన కెపాసిటర్ను, బిగించడం సులువని, చిప్పుకు రెండంగుళాల దూరంలో పెట్టింది. వంటకు నీళ్ళ బిందె పొయ్యి పక్కన ఉండాలి గాని వీధి చివర ఉంటే ఏం లాభం? తనను తాను తిట్టుకుంటూ, చిప్పు కాళ్ళకు ఆనించి కొత్త కెపాసిటర్లు అతికించింది. మేత యంత్రాన్ని ఆడించే రిలేలకూ గడియారానికీ ఉమ్మడిగా ఉన్న కరెంటు దారిని విడదీసింది. గడియారం దారిలో చిన్న తీగచుట్ట వేసింది.

చుక్కలు మంత్రం వేసినట్టు నిలకడగా వెలిగాయి. హరిణి సంతోషంగా తల తిప్పింది. నెహెమ్యా ముఖం మాత్రం మాడిపోయింది.

ప్రసాదరావు వచ్చి గంటసేపు ఫోనుతో సరిచూసుకున్నారు. సెకను తేడా లేదు. ఆ ఉత్సాహంతో మిగతా చెరువులు చూపిస్తానని ఆమెను బండి మీద ఎక్కించుకున్నారు. దారంతా కాపలా మనిషి కబుర్లే.

“మా నెహెమ్యావి పాము చెవులమ్మా. స్టార్టరు ట్రిప్పయి ఏరేటర్లు ఆగిన మరుక్షణం అక్కడుంటాడు. పోయినేడు కాస్త మందగించాడు, మానిపిద్దామనుకున్నాను కూడానండీ. మీ గడియారం వచ్చాక మళ్ళీ హుషారయ్యాడు.”

తిరిగొచ్చేసరికి ఏరేటర్ల చక్రాలు కదలడం లేదు. పొద్దున్నుంచీ మబ్బు పట్టిన రోజు, నీళ్ళలో అసలే గాలి తక్కువ. రొయ్యలు గాలాడక గట్టు వారకు తేలుతున్నాయి. ప్రసాదరావు బండి అక్కడే పడేసి పరుగెత్తి స్టార్టరు నొక్కారు. చక్రాలు మళ్ళీ నీళ్ళు చిమ్మాయి. ఇంకో పావుగంటైతే పంటంతా పోయేది.

నెహెమ్యా స్టూలు మీదే ఉన్నాడు.

“నిద్రపోయావా?” అన్నారు ప్రసాదరావు, ఎదురుగా వెళ్ళి.

“లేదండీ. రెప్పవెయ్యకుండా చూస్తూనే ఉన్నానండీ.”

“ఏం చూశావు? వయసైపోయింది నీకు. రేపణ్ణుంచి రాకు.”

నెహెమ్యా లేచాడు. పైగుడ్డ తీసి మడతపెట్టుకున్నాడు.  హరిణి స్టూలును చూసింది, దాని ఎదుట నిలకడగా వెలుగుతున్న చుక్కలను చూసింది. పెట్టె తెరిచింది. స్టార్టరు నుంచి విడిగా ఒక తీగ లాగి, గడియారం కింద చిన్న పచ్చదీపం బిగించింది.

“ఇదెందుకమ్మా?” అన్నారు ప్రసాదరావు.

“ఏరేటర్లు ఆడినంతసేపూ వెలుగుతుందండీ. మీ పన్నెండు బోర్డులకూ ఇలాగే ఇస్తాను, ఊరికే. ఈ పూట తప్పు ఆయనది కాదండీ, నాది. నెహెమ్యాగారిని మాన్పించకండి.”

“తప్పు మీదెలా అవుతుంది?”

“బోర్డు మార్చేముందు ఆయన మాట వినాల్సింది. వినలేదు. ఒక్క నెల చూడండి సర్. ఇంకోసారి ఇలా జరిగితే బోర్డులన్నీ నేనే విప్పుకెళ్తాను.”

ప్రసాదరావు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ అర్థంకాక, సరేనన్నట్టు తలూపి బండెక్కారు.

హరిణి నెహెమ్యా ఎదుటికి వెళ్ళి నిలబడింది.

“ఎవరికీ చెప్పనండీ,” అంది.

ఆయన ఆమె పెదవుల నుంచి చూపు దించుకుని రెండు చేతులూ జోడించాడు.

ఏడాది పైనుంచీ నెహెమ్యాకు చెవులు వినపడటం లేదు.