జారే బెల్టు

"అరిగిపోయిన టైర్లేమైనా ఉన్నాయామ్మా?"

మెకానిక్ షెడ్డు గుమ్మంలో ముసలాయన. చేతిలో తాడు, కాళ్లకు రెండు రకాల చెప్పులు.

అక్క ఇంజను మీంచి తలెత్తకుండానే మూలకు చెయ్యి చూపించింది. నాన్న పోయి ఆరు నెలలు. అప్పట్నుంచీ షెడ్డు ఆమే నడుపుతోంది. నడుపుతోంది అంటే చేతులు పనిచేస్తున్నాయి, అంతే. ఎవరేం అడిగినా ఆమె నోట వచ్చేది ఒకటే మాట: సరే.

మూలనున్న టైర్లన్నిటి మీదా పసుపు రంగుతో ఇంటూ గుర్తు. పనికిరాని టైరును ఎవరూ మళ్లీ బండికి ఎక్కించకుండా నాన్న పెట్టిన పద్ధతి.

"ఇన్ని టైర్లేం చేసుకుంటావు తాతా? మేడ కడతావా?" అన్నాడు తమ్ముడు.

ముసలాయన నవ్వాడు. అతని చూపు మాత్రం ఇంజను మీదే ఆగిపోయింది.

అది తమ్ముడి రేసు బండి. ఇంజనులోకి గాలిని ఇంకాస్త కూరడానికి పైన సూపర్‌చార్జర్ బిగించి ఉంది. దాన్ని ఇంజనే ఒక బెల్టుతో తిప్పుతుంది. కొండ రోడ్డు రేసులో సరిగ్గా గట్టిగా తొక్కాల్సిన చోట ఆ బెల్టు కీచుమని జారుతోంది. కిందటిసారి తమ్ముడు రెండోవాడిగా వచ్చింది అందుకే. ఆ సంగతి అతనికి ఇంకా మింగుడుపడలేదు.

"లోపలివైపు పళ్లుండే బెల్టు వేసేద్దామక్కా. అది తిరిగే పుల్లీలు కూడా పళ్లవే. ఇక చచ్చినా జారదు."

"జారనివ్వండి బాబూ," అన్నాడు ముసలాయన.

ఇద్దరూ అతని వైపు చూశారు.

"బరువు మించినప్పుడు బెల్టు జారిందనుకోండి, పోయేది కాస్త వేగం. జారకపోతే ఆ బరువంతా బెల్టును తిప్పే క్రాంక్‌షాఫ్టు కొస మీద పడుతుంది. అది విరిగితే పుల్లీ ఊడొస్తుంది. పక్కనే బ్రేకు గొట్టం, చూడండి."

"టైర్లు ఏరుకునే తాత ఇంజనీరు కూడానా!"

"మీకెలా తెలుసు?" అని అడిగింది అక్క.

"చూశానమ్మా."

ముసలాయన తాడు విప్పి టైర్లు కట్టుకోసాగాడు.

అతనన్నది నిజమేనని ఆమెకు తెలుసు. నాన్నయితే షెడ్డు ఎగిరిపోయేలా అరిచేవాడు. కానీ అరవాలంటే కోపం రావాలి. కోపం రావాలంటే లోపల ఏదో ఒకటి కదలాలి. ఏదీ కదల్లేదు.

"ఏమంటావక్కా?"

"సరే," అంది.

రెండు రోజుల్లో తన చేతులతోనే బిగించింది.

ముసలాయన మళ్లీ వచ్చాడు. తీసేసిన పాత బెల్టు బల్ల మీద కనిపించింది.

"ఇది నాకిస్తారా?"

"తీసుకో తాతా. ప్యాంటుకి కట్టుకో. అక్కడైనా జారకుండా ఉంటుందేమో!"

ముసలాయన బెల్టును భుజాన వేసుకుని అక్క వైపు తిరిగాడు. "ఇంకొక్క వరసకి టైర్లు తక్కువయ్యాయమ్మా. ఉంటే లారీలు తూచే కాటా పక్కన మా గది దగ్గర పడేయిస్తారా?"

"సరే."

మర్నాడు పన్నెండు టైర్లు తీసుకెళ్లి పడేసి వచ్చింది. ఎందుకని అడగలేదు.

మూడు వారాల తర్వాత, రేసు రోజు బెల్టు జారలేదు. మొదటి మూడు మలుపులూ తమ్ముడు ఎవరికీ అందకుండా ఎక్కేశాడు.

నాలుగో మలుపులో పుల్లీ ఊడింది. పోతూపోతూ బ్రేకు గొట్టాన్ని తెంపుకుపోయింది. మలుపు అవతల లోయ.

కబురు తెలిసి అందరూ పైకి పరిగెత్తారు. అక్క పరిగెత్తలేదు. నడిచింది.

బండి లోయ అంచున ఆగి ఉంది, టైర్ల గోడలో సగం దాకా కూరుకుపోయి. తమ్ముడికి చెయ్యి విరిగింది. ప్రాణానికేమీ కాలేదు. "నాదే తప్పక్కా," అని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

ఆమెకు ఏడుపు రాలేదు. టైర్ల వంక చూస్తూ నిలబడింది. చాలావాటి మీద పసుపు ఇంటూ. పై వరసను కలిపి కట్టింది తమ పాత బెల్టుతోనే.

"ఇవి మీరు పెట్టించారా?" రేసు జరిపించే ఆయన్ని అడిగింది.

"మేం కాదమ్మా. ఎవరో ముసలాయన. ఏటా వచ్చి పేర్చిపోతాడు. వద్దన్నా వినడు."

మర్నాడు కాటా పక్కనున్న గది తలుపు కొట్టింది. ఒక పెద్దావిడ తీసింది.

"పెద్దాయన ఉన్నారా? మా తమ్ముణ్ని..."

"పోయి పదిహేను రోజులైందమ్మా."

ఆరు నెలల్లో మొదటిసారి ఆమెకు 'సరే' అన్న ఆ ఒక్క మాట కూడా నోట రాలేదు.

"లోపలికి రామ్మా."

కిటికీ దగ్గర ఒక పళ్ల పుల్లీ ఉంది, విరిగిన షాఫ్టు ముక్క అందులోనే ఇరుక్కుని. ఎన్నేళ్లదో గానీ ఎక్కడా తుప్పు లేదు. ఎవరో రోజూ నూనె రాసి తుడుస్తున్నట్టుంది. అక్క దాన్ని రెండు చేతులతో ఎత్తింది.

"అది ఆయన చేసిందే," అంది పెద్దావిడ. "మా అబ్బాయి రేసు గెలవాలని ముచ్చటపడి, పళ్ల బెల్టు వేసి ఆయనే బిగించారు. అప్పుడు ఆ నాలుగో మలుపులో టైర్లు లేవమ్మా."