జహనారా అడిగిన ప్రశ్నలు

తుమ్ము వచ్చేలా ఉంది. భావన చటుక్కున కాలు మీద కాలు వేసి బిగించింది.

గల్ఫ్‌లోని ఉమ్ ఘువైలినా పేటలో ఫిజియోథెరపిస్ట్ అరుంధతి ఇంటి హాలు అది. శుక్రవారం పొద్దున్న ఆడవాళ్ళకి మాత్రమే వ్యాయామాల క్లాసు. ఎనిమిది మంది చాపల మీద కూర్చున్నారు.

“ఎవరైనా ఏమైనా అడుగుతారా?” అంది అరుంధతి.

భావనకి అడగాలనే ఉంది. కూతురు తన్మయి పుట్టి మూడేళ్ళయింది. పార్కుకి వెళ్తే “అమ్మా, నువ్వూ గెంతు!” అంటుంది పాప. గెంతితే బట్టలు తడుస్తాయి. కాలు నొప్పని అబద్ధం చెబుతుంది. ఈ సంగతి భర్తకి కూడా తెలీదు.

తల దించుకుంది.

“మేడం!” పక్క చాప మీది పెద్దావిడ జహనారా గొంతు ఖంగుమంది. “తుమ్మితే, ఎగిరితే ఉచ్చ పడ్తది. ఏం జెయ్యాలె?”

హాలంతా బిగుసుకుపోయింది.

అరుంధతి మామూలుగానే చెప్పింది. “ఊపిరి బిగబట్టకండి. వదులుతూ, కింది కండరాలని మెల్లగా పైకి లాగండి. తర్వాత పూర్తిగా వదిలెయ్యండి. బిగించడమే కాదు, వదలడమూ రావాలి.”

భావన ఒక్క మాట కూడా పోనివ్వలేదు.

మరుసటి వారం మాత్రం తన చాపని జహనారాకి కాస్త దూరంగా, గోడ పక్కకి జరుపుకుంది.

జహనారా ఆగలేదు. “మొగుడు పక్కకొస్తే నొప్పి లేస్తది మేడం. అది గూడ దీంతోనేనా?”

“ఈవిడకి సిగ్గే లేదు,” భావన గొణిగింది.

జహనారాకి వినబడింది. “సిగ్గువడి కూసుంటే తగ్గుతదా బేటా?” అని నవ్వి, ఫ్లాస్కులోంచి సులేమానీ చాయ్ పోసిచ్చింది.

“వద్దండీ.” భావన ముఖం తిప్పుకుంది.

మూడో నెలలో ఒకరోజు భావన పార్కులో పాపతో కలిసి గెంతింది. పాప ఇక చాలనేదాకా గెంతింది.

ఆ శుక్రవారం జహనారా రాలేదు.

“ఏమైనా అడుగుతారా?”

అందరూ జహనారా కూర్చునే చోటు వైపు చూశారు.

“గట్టిగా దగ్గితే ఇంకా కొంచెం పడుతోందండీ,” అంది భావన. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

“నాక్కూడా,” అంది వెనక నుంచి ఒకావిడ.

“నాకైతే మా అత్తగారు నవ్వించినా అంతే!” అంది ఇంకొకామె.

హాలంతా నవ్వులే.

క్లాసయ్యాక భావన ఆగింది. “జహనారా గారు రాలేదేంటండీ?”

“ఉమ్ సలాల్‌లో కొత్త బ్యాచ్ మొదలైంది. ఇక అక్కడికే వెళ్తారు.”

“అయ్యో, ఆవిడకి ఇంకా తగ్గలేదా?”

అరుంధతి చాపలు చుడుతూ నవ్వింది.

“తగ్గి తొమ్మిదేళ్ళయింది. అంతకుముందు పన్నెండేళ్ళు సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేకపోయారట. అందుకే ప్రతి కొత్త బ్యాచ్‌లో, మీకు ధైర్యం వచ్చేదాకా మీ ప్రశ్నలు తనే అడిగి వెళ్తారు.”