నెల్లాళ్ళుగా పేలని తుపాకీ

నెల్లాళ్ళయింది తుపాకీ పేలి. రాక్మా భయమల్లా అదే.

అలినోర్‌కి మాత్రం ప్రాణం లేచొచ్చినట్టుంది. కిటికీ రెక్క ఓరగా తీసి అరటితోట వంక చూస్తున్నాడు. పందొమ్మిదేళ్ళవాడు. నాలుగేళ్ళుగా గుమ్మం దాటలేదు.

"దిమాసార్ వాళ్ళు మనల్ని మర్చిపోయారమ్మా."

"పగబట్టినవాళ్ళు మర్చిపోవడం ఎక్కడైనా ఉందట్రా? కిటికీ మూయి."

సరస్సు ఒడ్డున జానెడు గట్టు కోసం మొదలైన గొడవ అది. రెండిళ్ళలోనూ ఒక్కో మగాణ్ణి మింగింది. ఇటు రాక్మా భర్త, అటు దిమాసార్ వాళ్ళ పెద్దకొడుకు. పగ ఉన్న ఇంట్లో మగవాళ్ళు బయటికి రారు. ఆడవాళ్ళ మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యరు. పొలం, సంత, కోర్టు, ఆస్పత్రి అన్నీ ఆడవాళ్ళే చూసుకుంటారు.

"ఆడపిల్లలా ఇంట్లో కూర్చోబెట్టావని అందామంటే ఆడపిల్లలు హాయిగా సంతకెళ్తున్నారు! వాకిట్లో కోడిపెట్ట నయం నాకంటే."

"కోడిపెట్టని సాయంత్రం కోస్తున్నా. కూర్చుని అన్నం తిను."

అలినోర్ నవ్వలేదు. కంచం పక్కకి నెట్టాడు.

"ఎల్లుండి తెల్లారేసరికి కమర్ వస్తానన్నాడు. వాడితో కొండ మీదికి పోతున్నా."

రాక్మా చేతిలో గరిటె ఆగిపోయింది.

కమర్ నాలుగు రోజుల కిందట పెరటి కిటికీ దగ్గరికి వచ్చి వెళ్ళాడు. కొత్త చొక్కా, కొత్త ఫోను. కొండ మీద అన్నం పెడతారట. తుపాకీ ఇస్తారట. దేవుడి కోసం పోరాడేవాడికి ఇహమూ పరమూ రెండూ దక్కుతాయట. దిమాసార్ వాళ్ళ సంగతి కూడా వాళ్ళే చూసుకుంటారట.

పెద్దకొడుకు జమైల్ పోయిందీ ఇలాగే. వాణ్ణి పిలవడానికి వచ్చినవాడు కమర్ అన్న. అప్పటికింకా పగ మొదలవలేదు, ఈ ఇంటి తలుపు తీసే ఉండేది. జమైల్ బట్టలైనా సర్దుకోకుండా నడిచి వెళ్ళిపోయాడు. ఆ ఏడే కొండ మీది నల్లజెండాల వాళ్ళు పట్నాన్ని పట్టుకున్నారు. ఐదు నెలలు విమానాలు బాంబులు కురిపించాయి. చివరికి పట్నమూ మిగల్లేదు, వాళ్ళూ మిగల్లేదు.

ఖబరస్థాన్‌లో వరసలు వరసలుగా గుంజలు పాతారు. వాటి మీద పేర్లు లేవు, అంకెలే. ఉమ్మి ఇస్తే పరీక్ష చేసి ఏ అంకె నీ కొడుకో చెబుతామన్నారు అధికారులు. ఇస్తే ఆమె ఎవరి తల్లో కూడా వాళ్ళకి తెలిసిపోతుంది. రాక్మా నోరు బిగించుకుని తిరిగొచ్చేసింది. ఏ గుంజ ముందు కూర్చుని ఏడవాలో ఇప్పటికీ ఆమెకి తెలియదు.

"పోయినవారం ఊరిపెద్ద సంధి చేస్తానంటే వద్దన్నావు. నేను పోతానంటే వద్దంటున్నావు. ఈ నాలుగు గోడల మధ్యే చావమంటావా?" అలినోర్ గొంతు చించుకున్నాడు.

"ఇక్కడ చస్తే పేరున్న సమాధైనా ఉంటుంది."

నిజమే, ఊరిపెద్ద వచ్చాడు. చెరొక ప్రాణం పోయింది, సరికి సరి, ఇక విందు చేసుకుని చేతులు కలపండి అన్నాడు. రక్తం ఇంకా ఆరలేదని రాక్మా మొహం తిప్పుకుంది. ముసలాయన తల పట్టుకున్నాడు. "ఏం మొండి మనుషులమ్మా మీరు! అక్షరం పొల్లుపోకుండా ఆ ఇంట్లోనూ ఇదే మాట!"

ఆ మధ్యాహ్నం రాక్మా పడవెక్కి అవతలి ఒడ్డున సంతకి వెళ్ళింది. చేపలు కొంది. ఉల్లికాడలు, అల్లం, మిరపకాయలు కలిపి దంచి అమ్మే బైలానీ రోలు పక్కన చతికిలబడింది. కొడుకు సంగతి చెప్పుకుని కళ్ళొత్తుకుంది. బైలానీ రోకలి పక్కన పెట్టి అంతా వింది.

"ఎల్లుండి తెల్లారేసరికేనా అక్కా?"

"అవును. గుండె ఆగిపోయేలా ఉందే."

చెప్పినట్టే మూడోనాటికి అలినోర్ మూట చంకనబెట్టాడు. తెలతెలవారుతోంది. పెరట్లోంచి కమర్ ఈల వినిపించింది. అలినోర్ గడియ తీసి, తలుపు జానెడు తెరిచాడు.

ధన్‌మంది.

గుమ్మం పైచెక్క చిట్లి చెక్కపొట్టు వాడి జుట్టులో రాలింది. రెండో గుండు నీళ్ళపీపాలోంచి దూసుకుపోయింది. కమర్ ఈల మళ్ళీ వినబడలేదు, పరుగు చప్పుడు మాత్రం వినబడింది.

"ఒక్కడేనమ్మా! ముసుగేసుకున్నాడు. కుంటుకుంటూ పోతున్నాడు. కత్తి ఇలా ఇవ్వు, దొరకబుచ్చుకుంటా!"

రాక్మా తలుపుకి అడ్డంగా పడుకుంది.

"వాడు కనబడ్డాడు. కనబడనివాళ్ళు ఎందరున్నారో నీకేం తెలుసురా? వెళ్ళాలంటే నన్ను తొక్కి వెళ్ళు."

అలినోర్ గోడకి ఆనుకుని కూలబడ్డాడు. దిమాసార్ వంశాన్నంతా పేరుపేరునా తిట్టాడు. వాళ్ళని చంపేదాకా ఈ ఇల్లు కదలనన్నాడు. తర్వాత మోకాళ్ళలో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రాక్మా చీపురు తెచ్చి చెక్కపొట్టు ఊడ్చింది.

మళ్ళీ సంత రోజున బైలానీ కాలు చాపుకుని కూర్చుని ఉంది. మోకాలికి గుడ్డ కట్టి ఉంది. రాక్మా సంచిలోంచి నూనె సీసా తీసి ఆమె ముందు పెట్టింది.

"వాపు తగ్గిందా?"

"తడిగట్టు మీద జారాను. తగ్గుతుందిలే. మీవాడేం చేస్తున్నాడు?"

"మూట విప్పేశాడు."

బైలానీ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. దంచినదంతా ఆకులో పొట్లం కట్టింది.

ఆ పొట్లం రాక్మా చేతిలో పెడుతూ, దిమాసార్ వాళ్ళ పెద్దకోడలు గొంతు తగ్గించి, "ఇక నీ వంతక్కా, ఎల్లుండి తెల్లారగానే వచ్చి మా గుమ్మం మీద పేల్చు, ఆ కమర్‌గాడు నిన్న మావాడి దగ్గరికీ వచ్చిపోయాడు" అంది.