నచ్చని తలుపులు

రాజమండ్రిలో గుమాస్తా సామ్యేలుగారు తెల్లవారుజామున పోయారు. మధ్యాహ్నానికల్లా వడ్రంగి పోతులూరయ్య టేకు శవపేటిక తెచ్చి వాకిట్లో దించాడు.

మూత మీద చెక్కిన పూలతీగ చూసి సామ్యేలుగారి భార్య కళ్లు తుడుచుకుంది. "ఇంత తొందరగా ఎలా చేశావయ్యా? కూలి ఎంతో చెప్పు."

"వద్దండి అమ్మగారూ. అయ్యగారు నా చేత కాగితం రాయించుకున్నారు కదండీ, ఆయనకి నచ్చితేనే కూలి అని. కొత్తింటికి తలుపులు చేసి తెస్తే, బాలేవని అందరి ముందూ వీధిలో పారేయించారు. ఆ తర్వాత ఊళ్లో నన్ను పనికి పిలిచినవాడు లేడు."

"ఆ సంగతులు ఇప్పుడెందుకయ్యా?"

మూత అంచున గొళ్లెం పీకేసిన బెజ్జంలో పోతులూరయ్య వేలు పెట్టి చూపించాడు.

"ఇవి ఆ తలుపులేనండి. ఇప్పుడు బాలేవనమనండి."